తక్కువ వ్యయంతో ఫేజ్డ్ అరే యాంటెన్నాల రూపకల్పన: వ్యవసాయ వాతావరణ పరిశీలనకు ఒక మార్గం

మిరప కల్లంలో కాయ ఆరుతున్న వేళ, వేరుశనగ పీకి మొక్కలను చేనులోనే వరుసలుగా పరచిన వేళ, పురుగు మందు పిచికారీ ముగిసిన వేళ రైతు అడిగే ప్రశ్న ఒక్కటే: రాబోయే రెండు మూడు గంటలలో మా ఊరిలో వాన పడుతుందా? జిల్లా మొత్తానికి ఇచ్చే సూచన ఈ ప్రశ్నకు సమాధానం కాదు. ఉరుములతో కూడిన వర్షం ఒక గ్రామంలో కురిసి, పక్క గ్రామాన్ని పొడిగా వదిలివేయడం రాయలసీమలోను, తెలంగాణలోను ప్రతి వేసవి చివర కనిపించే విషయమే. ఇంత చిన్న ప్రాంతానికి, ఇంత తక్కువ వ్యవధికి సూచన ఇవ్వాలంటే మేఘం అడుగు భాగంలో ఏమి జరుగుతున్నదో కొద్ది నిమిషాలకు ఒకసారి చూడగల రాడార్లు దగ్గర దగ్గరగా ఉండాలి. అటువంటి రాడార్ ధర అందుబాటులో ఉండాలంటే దాని యాంటెన్నాను, వెనుకనున్న సూక్ష్మతరంగ సర్క్యూట్లను ఎట్లా రూపొందించాలి అన్నదే ఈ వ్యాసంలోని చర్చనీయాంశం.

పెద్ద రాడార్ చూడలేని పొర

విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాదు వంటి చోట్ల భారత వాతావరణ విభాగం నెలకొల్పిన ఎస్ బ్యాండ్ డాప్లర్ రాడార్లు సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేస్తాయి. తుపానులను, విస్తారమైన వర్షపు మేఘాలను వందల కిలోమీటర్ల దూరం నుండి గుర్తించడంలో వీటికి సాటి లేదు. అయితే భూమి ఉపరితలం వంపు తిరిగి ఉన్నందున, దూరం పెరిగిన కొద్దీ రాడార్ పుంజం నేల నుండి పైకి తొలగిపోతుంది. పుంజాన్ని క్షితిజం నుండి అర డిగ్రీ ఎత్తులో ప్రసరింపజేసినపుడు, వాతావరణంలో కలిగే సాధారణ వక్రీభవనాన్ని కూడా లెక్కలోనికి తీసుకుంటే, 30 కిలోమీటర్ల దూరంలో పుంజం మధ్యరేఖ ఎత్తు సుమారు 300 మీటర్లు, 100 కిలోమీటర్ల వద్ద సుమారు 1.5 కిలోమీటర్లు, 200 కిలోమీటర్ల వద్ద సుమారు 4 కిలోమీటర్లు ఉంటుంది. హైదరాబాదు నుండి కర్నూలు సరళరేఖలో సుమారు 180 కిలోమీటర్లు. అంటే హైదరాబాదు నుండి కర్నూలు వైపు చూసే పుంజం ఆ పట్టణం మీదుగా దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తున సాగిపోతుంది. పైన కనిపించిన చినుకు పొడి గాలిలో ఆవిరై నేల చేరకపోవచ్చు. అట్లే, ఆ ఎత్తుకు దిగువన బలపడే ఈదురు గాలి ఆ పుంజానికి కనిపించదు.

పుంజం వెడల్పు కూడా దూరంతో పాటు పెరుగుతుంది. ఒక డిగ్రీ వెడల్పు గల పుంజం 200 కిలోమీటర్ల వద్ద మూడున్నర కిలోమీటర్లు విస్తరిస్తుంది. రెండు డిగ్రీల పుంజం గల చిన్న రాడార్ 30 కిలోమీటర్ల వద్ద ఒక కిలోమీటరు వెడల్పును మాత్రమే చూస్తుంది. కావున సమీపంలో ఉన్న సామాన్య రాడార్, దూరాన ఉన్న గొప్ప రాడార్ కంటె పొలానికి సంబంధించిన సమాచారాన్ని స్పష్టంగా ఇవ్వగలదు.

ఈ భావనను అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2003లో ప్రారంభమైన కాసా పరిశోధన కేంద్రం ఆచరణలో పరీక్షించింది. ఓక్లహామా రాష్ట్రపు నైరుతి ప్రాంతంలో ఒకదానికొకటి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో నాలుగు చిన్న ఎక్స్ బ్యాండ్ రాడార్లను నెలకొల్పి, అవి ఒకే వలయంగా పనిచేసే ఏర్పాటు చేసింది. మూడు సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద రెండు డిగ్రీల పుంజానికి సుమారు 1.1 మీటర్ల వెడల్పు గల యాంటెన్నా చాలు. 10 సెంటీమీటర్ల తరంగంతో ఒక డిగ్రీ పుంజం కావాలంటే ఏడు మీటర్లకు పైబడిన పళ్లెం, దానిని మోసే కట్టడం అవసరం.

పళ్లెం స్థానంలో శ్రేణి ఎందుకు?

చిన్న పళ్లెమును మోటారుతో తిప్పడం చవక అయిన పద్ధతే. పావుగంటకు ఒకసారి వర్షపు పటం చాలునన్న చోట దానిని వదలి వేరొకటి కోరవలసిన పని లేదు. కానీ ఉరుముల మేఘం కొద్ది నిమిషాలలోనే రూపు మారుతుంది. తిరిగే పళ్లెం ఖాళీ ఆకాశాన్ని, మేఘం ఉన్న దిక్కును ఒకే వేగంతో చూస్తూ పోతుంది. తిరిగే కీళ్లు, గేర్లు అరిగిపోతాయి. వాటిని మరమ్మతు చేసే నిపుణుడు మండల కేంద్రంలో దొరకడు. ఫేజ్డ్ అరే యాంటెన్నా కదలకుండానే పుంజాన్ని కొన్ని మైక్రో సెకన్లలో వేరొక దిక్కుకు మళ్లించగలదు. మేఘం ఉన్న దిక్కును ఎక్కువసార్లు, లేని దిక్కును తక్కువసార్లు చూడగలదు.

దీని సూత్రం సరళమైనది. అనేక చిన్న యాంటెన్నాలను సమాన దూరంలో అమర్చి, అన్నిటికీ ఒకే సంకేతాన్ని ఒకే దశలో పంపితే తరంగాలు ఎదుటి దిశలో కలిసి బలపడతాయి. ప్రతి యాంటెన్నాకు దాని పక్కదాని కంటె కొంత దశా భేదాన్ని క్రమంగా జోడిస్తే, తరంగాలు కలిసి బలపడే దిశ పక్కకు జరుగుతుంది. యాంటెన్నాల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం ఉన్నపుడు పుంజాన్ని 30 డిగ్రీలు మళ్లించడానికి పక్క పక్క యాంటెన్నాల మధ్య 90 డిగ్రీల దశా భేదం కావాలి. నారుమడి గట్టు మీద వరుసగా నిలబడిన మనుషులు ఒకరి తరువాత ఒకరు నీటిలో రాయి వేసినపుడు అల ఏటవాలుగా సాగినట్లే ఇదీ జరుగుతుంది.

అర్ధ తరంగదైర్ఘ్యపు దూరంలో అమర్చిన శ్రేణిలో పుంజపు వెడల్పు డిగ్రీలలో సుమారు 102ను యాంటెన్నాల సంఖ్యతో భాగించగా వచ్చిన విలువ. 64 యాంటెన్నాల వరుసకు అది 1.6 డిగ్రీలు. పుంజాన్ని 45 డిగ్రీల వరకు పక్కకు మళ్లించినపుడు ఎదుటి నుండి చూసే వెడల్పు కుంచించుకొనిపోవడం వలన పుంజం సుమారు 2.3 డిగ్రీలకు విస్తరిస్తుంది. నలుదిక్కులను చూడడానికి ఇటువంటి పలకలు నాలుగు కావాలి, లేదా ఒకే పలకను అవసరమైన వైపుకు నెమ్మదిగా తిప్పే ఏర్పాటు ఉండాలి. ఖర్చును అంచనా వేసేటపుడు ఈ విషయాన్ని మొదటనే గుర్తుంచుకోవాలి.

వ్యయం ఎక్కడ దాగి ఉన్నది?

యాంటెన్నా అన్న మాట వినగానే లోహపు నిర్మాణమే ఖరీదైనదని తోస్తుంది. ఫేజ్డ్ అరే విషయంలో ఇది నిజం కాదు. మైక్రోస్ట్రిప్ ప్యాచ్ అన్నది సర్క్యూట్ బోర్డుపై రాగి పొరను దీర్ఘచతురస్రంగా మిగిల్చి చేసిన ముక్క మాత్రమే. ఒకటి ముద్రించినా వంద ముద్రించినా బోర్డు వైశాల్యానికి తగిన ఖర్చే అవుతుంది. అసలు వ్యయం ప్రతి ప్యాచ్ వెనుక అమర్చే ప్రసార–గ్రాహక మాడ్యూలులో ఉన్నది. అందులో శక్తి వర్ధకం, తక్కువ రొద గల గ్రాహక వర్ధకం, రెండింటి మధ్య మార్చే స్విచ్చి, ఫేజ్ షిఫ్టర్, తీవ్రతను సరిదిద్దే భాగం, విద్యుత్ సరఫరా, వేడిని తీసివేసే లోహపు రెక్కలు ఉంటాయి.

రెండు అక్షాలలోను రెండు డిగ్రీల పుంజం కావాలనుకుంటే ఒక్కొక్క అక్షానికి సుమారు 51 యాంటెన్నాలు, మొత్తం సుమారు 2,600 అవసరమవుతాయి. ప్రతి దానికి ఒక మాడ్యూల్ అమర్చితే ఆ వ్యయం రక్షణ శాఖ భరించవచ్చును గాని, వ్యవసాయ పరిశోధన స్థానం భరించలేదు. కావున రూపకర్త ముందున్న మొదటి ప్రశ్న మాడ్యూలును ఎంత చవకగా చేయాలన్నది కాదు, ఎన్ని మాడ్యూళ్లు లేకుండా పని జరుపవచ్చు అన్నది.

గాదంకి రాడార్ చూపిన దారి

ఈ ప్రశ్నకు మంచి ఉదాహరణ మన ముంగిటనే ఉన్నది. తిరుపతి సమీపాన గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల నడుపుతున్న ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేసే ఫేజ్డ్ అరే. ఇది వర్షపు రాడార్ కాదు. ట్రోపోస్ఫియర్ నుండి మీసోస్ఫియర్ వరకు గాలుల తీరును పరిశీలించడానికి నిర్మించినది. సుమారు 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల స్థలంలో 32 వరుసలలో, వరుసకు 32 చొప్పున, 1,024 యాగీ యాంటెన్నాల స్థానాలు ఇందులో ఉన్నాయి.

దీని తొలి నిర్మాణంలో రెండు పొదుపు సూత్రాలను గమనించవచ్చు. మొదటిది, యాంటెన్నాల మధ్య దూరం. 53 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 5.66 మీటర్లు, యాంటెన్నాల మధ్య దూరం సుమారు 4 మీటర్లు, అనగా తరంగదైర్ఘ్యంలో 0.7 వంతు. సాధారణంగా చెప్పే సగం కంటె ఇది ఎక్కువ. దూరం మితిమీరితే అసలు పుంజంతో సమానమైన నకిలీ పుంజం వేరొక దిక్కున పుట్టుకొస్తుంది. దీనిని గ్రేటింగ్ లోబ్ అంటారు. అది రాకుండా ఉండవలసిన గరిష్ఠ దూరం పుంజాన్ని ఎంత కోణం మళ్లిస్తామన్న దానిపై ఆధారపడుతుంది. 45 డిగ్రీల వరకు మళ్లించాలంటే తరంగదైర్ఘ్యంలో 0.58 వంతు దాటరాదు. 20 డిగ్రీలే చాలుననుకుంటే 0.74 వంతు వరకు పోవచ్చు. గాదంకి రాడార్ నడినెత్తి నుండి సుమారు 20 డిగ్రీల లోపలే చూస్తుంది గనుక 0.7 వంతు దూరం సరిపోయింది. ఒకే వైశాల్యంలో దూరాన్ని 0.5 నుండి 0.7కు పెంచితే యాంటెన్నాల సంఖ్య సగానికి తగ్గుతుంది. అవసరం లేని కోణాన్ని కోరకపోవడమే ఇక్కడి పొదుపు.

రెండవది, వరుసకు ఒక ప్రసారిణి. 1,024 యాంటెన్నాలకు 1,024 ప్రసారిణులు కాక, ఒక్కొక్క వరుసలోని 32 యాంటెన్నాలను కలిపి ఒకే ప్రసారిణితో నడిపారు. మొత్తం 32 ప్రసారిణులతో 2.5 మెగావాట్ల గరిష్ఠ శక్తిని సాధించారు. పుంజాన్ని తూర్పు–పడమర, ఉత్తర–దక్షిణ తలాలలో మాత్రమే మళ్లించగలగడం దీనికి చెల్లించిన మూల్యం. గాలి వేగాన్ని లెక్కించడానికి ఆ రెండు తలాలు చాలు. తరువాతి కాలంలో ఘనస్థితి పరికరాలు అందుబాటులోకి వచ్చినందున, ఒక్కొక్క కిలోవాట్ శక్తి గల 1,024 మాడ్యూళ్లతో దీనిని పూర్తి సక్రియ శ్రేణిగా మార్చారు. ముందు కొద్ది నియంత్రణ స్థానాలతో పని ప్రారంభించి, సాంకేతికత చవక అయిన తరువాత విస్తరించడం ఆచరణయోగ్యమని ఇది నిరూపిస్తున్నది.

మాడ్యూళ్ల సంఖ్యను తగ్గించే పద్ధతులు

1. ఒక అక్షంలో దశా నియంత్రణ, రెండవ అక్షంలో వంపు: మసాచుసెట్స్ పరిశోధకులు రూపొందించిన ఫేజ్–టిల్ట్ రాడార్‌లో 64 నిలువు వరుసలు, ఒక్కొక్క వరుసలో 32 ప్యాచ్‌లు ఉన్నాయి. ప్రతి నిలువు వరుసకు ఒకే మాడ్యూల్. అడ్డంగా పుంజాన్ని దశా భేదంతో మళ్లిస్తారు. ఎత్తు కోణాన్ని మార్చడానికి పలకను మోటారుతో వంచుతారు. 2,048 ప్యాచ్‌లకు 64 మాడ్యూళ్లు చాలు, అనగా 32వ వంతు. వర్షపు పరిశీలనలో అడ్డంగా త్వరితగతిన చూడడం ముఖ్యం. ఎత్తు కోణం కొద్దిసార్లే మారుతుంది. కావున ఈ సర్దుబాటు వలన నష్టం తక్కువ.

2. బట్లర్ మాత్రిక: కొన్ని స్థిరమైన దిక్కులు చాలునన్న చోట ఫేజ్ షిఫ్టర్లే అవసరం లేదు. నాలుగు యాంటెన్నాల బట్లర్ మాత్రికలో నాలుగు హైబ్రిడ్ కప్లర్లు, 45 డిగ్రీల ఆలస్యాన్నిచ్చే రెండు రేఖలు, రెండు దాటు రేఖలు ఉంటాయి. ఇవన్నీ బోర్డుపై ముద్రించిన రాగి గీతలే. నాలుగు ప్రవేశ ద్వారాలలో ఏ ద్వారానికి సంకేతమిచ్చామో దానిని బట్టి పుంజం ఎదుటి దిశకు ఇరువైపులా 14.5 డిగ్రీల వద్ద లేదా 48.6 డిగ్రీల వద్ద ఏర్పడుతుంది. ఒక స్విచ్చితో నాలుగు దిక్కులు లభిస్తాయి.

3. చిన్న శ్రేణి, పెద్ద ప్రతిఫలకం: శ్రేణి ముందు పెద్ద ప్రతిఫలకాన్ని ఉంచితే కొద్ది మాడ్యూళ్లతోనే పెద్ద యాంటెన్నా ఫలితాన్ని పొందవచ్చు. 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుండి ప్రయోగించిన రీశాట్–1 ఉపగ్రహంలో సీ బ్యాండ్ యాంటెన్నా మొత్తం సక్రియ ఫేజ్డ్ అరే పలకయే. 2025 జులై 30న అక్కడినుండే ప్రయోగించిన నైసార్ ఉపగ్రహంలో ఇస్రో, నాసా సంస్థలు చిన్న ప్రసార శ్రేణులను 12 మీటర్ల వల వంటి ప్రతిఫలకంతో జోడించాయి. పొడి నేల డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 3 నుండి 5 వరకు, నీటిది సుమారు 80 కాబట్టి ఈ తరంగాలు నేలలోని తేమకు స్పందిస్తాయి. మేఘాలు కమ్మిన ఖరీఫ్‌లోనూ వరి పొలాన్ని చూడగలుగుతాయి.

4. పరిశ్రమ తయారు చేసిన చిప్‌లు: ఉపగ్రహ ఇంటర్నెట్ గ్రాహకాలు, 5జీ స్థావరాలు, కార్లలోని రాడార్ల కొరకు లక్షల సంఖ్యలో తయారవుతున్న సిలికాన్ చిప్‌లు ఒక్కొక్కటి అనేక దశా నియంత్రణ మార్గాలను ఇముడ్చుకొని ఉన్నాయి. మూడు ప్రసార, నాలుగు గ్రాహక మార్గాలు గల కారు రాడార్ చిప్ సంకేతాలను గణితపరంగా కలిపి 12 యాంటెన్నాల శ్రేణి వలె పనిచేయగలదు. డ్రోను ఎత్తును పైరు పైభాగం నుండి కొలవడానికి ఇటువంటివి అనువైనవి. వర్షాన్ని పదుల కిలోమీటర్ల దూరాన చూడడానికి వీటి శక్తి చాలదు. ఏ అవసరానికి ఏ చిప్ అన్న వివేచన తప్పనిసరి.

ఫేజ్ షిఫ్టర్ ఎంత సూక్ష్మంగా ఉండాలి?

డిజిటల్ ఫేజ్ షిఫ్టర్ దశను మెట్లు మెట్లుగా మారుస్తుంది. రెండు బిట్ల దానిలో మెట్టు 90 డిగ్రీలు, మూడు బిట్లలో 45, నాలుగు బిట్లలో 22.5 డిగ్రీలు. కోరిన దశకు, లభించిన మెట్టుకు మధ్య గల తేడా వలన ప్రధాన పుంజం కొంత బలహీనపడుతుంది. ఈ నష్టాన్ని లెక్కించగా రెండు బిట్లకు సుమారు 20 శాతం, మూడు బిట్లకు సుమారు 5 శాతం, నాలుగు బిట్లకు ఒక శాతం పైచిలుకు అని తేలుతుంది. ఇంతవరకే చూస్తే మూడు బిట్లు చాలుననిపిస్తుంది.

అయితే మెట్ల తేడాలు క్రమబద్ధంగా పునరావృతమైనపుడు అవాంఛిత పార్శ్వ పుంజాలు పెరుగుతాయి. ఒక్కొక్క బిట్‌కు సుమారు 6 డెసిబెల్‌ల చొప్పున అవి తగ్గుతాయని స్థూలంగా భావించవచ్చు. వర్షపు రాడార్‌కు ఇది ముఖ్యం. పార్శ్వ పుంజం కొండను, విద్యుత్ స్తంభాన్ని తాకి తిరిగివస్తే తెరపై వాన ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. చుట్టూ కొండలున్న స్థలంలో అయిదారు బిట్ల సూక్ష్మత అవసరం. నేల తేమ మాపకాల నుండి సంకేతాలను సేకరించే గ్రాహకానికి మూడు బిట్లు, కొన్నిచోట్ల రెండు బిట్లు కూడా చాలు.

బోర్డు ఎంపికలో పొదుపు, పొరపాటు

సర్క్యూట్ బోర్డులలో అతి చవక అయినది ఎఫ్‌ఆర్–4 అనే గాజునార–ఎపాక్సీ పలక. దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం సుమారు 4.4, నష్ట గుణకం సుమారు 0.02. సూక్ష్మతరంగాల కొరకే తయారైన తక్కువ నష్టపు పలకలలో ఈ గుణకం 0.004 కంటె తక్కువ. 9.4 గిగాహెర్ట్జ్ వద్ద 10 సెంటీమీటర్ల మైక్రోస్ట్రిప్ రేఖలో పలక వలన మాత్రమే కలిగే నష్టాన్ని లెక్కిస్తే ఎఫ్‌ఆర్–4లో సుమారు 2.8 డెసిబెల్‌లు, తక్కువ నష్టపు పలకలో సుమారు అర డెసిబెల్ అవుతుంది. అనగా మొదటి దానిలో దాదాపు సగం శక్తి వేడిగా మారిపోతుంది. రాడార్‌లో సంకేతం పోయేటపుడు ఒకసారి, వచ్చేటపుడు ఒకసారి ఈ నష్టాన్ని భరిస్తుంది కాబట్టి చివరకు మిగిలేది నాలుగవ వంతు. బోర్డుపై ఆదా చేసిన సొమ్ము కంటె ఎక్కువ సొమ్మును వర్ధకాలపై పెట్టవలసి వస్తుంది.

అదే ఎఫ్‌ఆర్–4 పలకపై 2.4 గిగాహెర్ట్జ్ వద్ద 10 సెంటీమీటర్ల రేఖ నష్టం సుమారు 15 శాతం, 866 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 6 శాతం మాత్రమే. కావున చవక పలక మంచిదా కాదా అన్న ప్రశ్నకు పౌనఃపున్యం చెప్పకుండా సమాధానం లేదు. యాంటెన్నా, వర్ధకం మధ్య ముద్రించిన రేఖను వీలైనంత పొట్టిగా ఉంచడం అన్ని పౌనఃపున్యాల వద్ద పాటించవలసిన నియమం.

ఎఫ్‌ఆర్–4కు మరొక లోపం ఉన్నది. దాని డైఎలెక్ట్రిక్ స్థిరాంకం తయారీని బట్టి మారుతుంది. ఈ విలువ 5 శాతం మారితే ప్యాచ్ అనునాద పౌనఃపున్యం సుమారు రెండున్నర శాతం జరుగుతుంది. పలుచని పలకపై ముద్రించిన ప్యాచ్ పనిచేసే పౌనఃపున్య పరిధి కూడా ఇంచుమించు అంతే. ఒకే దుకాణంలో వేరు వేరు సమయాలలో కొన్న పలకలపై ఒకే కొలతతో ముద్రించిన శ్రేణులు వేర్వేరుగా ప్రవర్తించడానికి కారణమిదే. ప్రతి విడత నుండి ఒక చిన్న ప్యాచ్‌ను ముందుగా ముద్రించి, కొలిచి, కొలతలను సవరించిన తరువాతనే పూర్తి శ్రేణిని ముద్రించడం మేలు.

క్రమాంకనం, ఎండ, మంచు

తక్కువ నష్టపు పలకపై 9.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 19 మిల్లీమీటర్లు. కావున ఒక రేఖ మరొకదాని కంటె ఒక మిల్లీమీటరు పొడవైతే దశలో 19 డిగ్రీల దోషం వస్తుంది. ముద్రిత రేఖలు మిల్లీమీటరులో పదవ వంతు సూక్ష్మతతో వస్తాయి గనుక ఇబ్బంది లేదు. చేతితో కోసి బిగించిన కేబుళ్లతో ఈ సూక్ష్మత దుర్లభం. శ్రేణిలో కేబుళ్లు తగ్గిన కొద్దీ క్రమాంకనపు శ్రమ తగ్గుతుంది.

వేసవిలో ఎండ తగిలే లోహపు పెట్టె లోపలి వేడి బయటి గాలి కంటె చాలా ఎక్కువగా ఉంటుంది. వేడి పెరిగితే వర్ధకాల లాభం, దశ మారుతాయి. అన్ని మాడ్యూళ్లు ఒకే విధంగా మారితే పుంజపు దిశ చెదరదు. ఒక వైపు మాడ్యూళ్లు మాత్రమే వేడెక్కితే పుంజం వంగుతుంది. అందువలన వేడిని పలక అంతటా సమంగా పంచే మందపాటి అల్యూమినియం పలక, నీడనిచ్చే పైకప్పు తప్పనిసరి. తెల్లవారుజామున పేరుకునే మంచు బిందువులు కూడా ప్యాచ్ అనునాదాన్ని జరుపుతాయి. ప్యాచ్‌కు, పైకవచానికి మధ్య కొంత గాలి ఖాళీ వదలడం సులువైన నివారణ.

క్రమాంకనానికి ఖరీదైన గది లేకుండానే ఒక పద్ధతి ఉన్నది. శ్రేణికి ఎదురుగా తగినంత దూరంలో చిన్న ప్రసారిణిని నిలిపి, ఒకే ఒక మాడ్యూల్ దశను మెట్టు మెట్టుగా పూర్తి వలయం తిప్పుతూ మొత్తం శక్తి ఎట్లా పెరిగి తరుగుతున్నదో నమోదు చేయాలి. శక్తి గరిష్ఠమైన చోట ఆ మాడ్యూల్ మిగిలిన వాటితో కలిసి పనిచేస్తున్నదన్నమాట. ఈ విధంగా ఒక్కొక్క మాడ్యూలును సరిచేయవచ్చు. 64 మాడ్యూళ్లలో ఒకటి పూర్తిగా చెడిపోయినా పుంజపు బలం తగ్గేది 0.14 డెసిబెల్ మాత్రమే. పార్శ్వ పుంజాలు కొంత పెరిగినా రాడార్ పని ఆగదు. ఒకే ప్రసారిణి గల రాడార్‌కు ఈ సౌలభ్యం లేదు.

పరిమితులను మరువరాదు

ఎక్స్ బ్యాండ్ తరంగాలు భారీ వర్షంలో బలహీనపడతాయి. గంటకు 50 మిల్లీమీటర్ల తీవ్రత గల వర్షంలో ప్రతి కిలోమీటరుకు ఒక డెసిబెల్‌కు పైగా నష్టం కలుగుతుంది. రానూ పోనూ రెట్టింపు. అయిదు కిలోమీటర్ల అటువంటి వర్షం దాటి చూసే సరికి సంకేతం పదవ వంతుకు లోపుగా మిగులుతుంది. దాని వెనుకనున్న మేఘం చిన్నదిగా, కొన్నిసార్లు అసలు లేనట్లుగా కనిపిస్తుంది. అడ్డు, నిలువు ధ్రువణాల మధ్య దశా భేదాన్ని కొలిచి ఈ నష్టాన్ని చాలా వరకు సవరించవచ్చు. రెండవ వైపు నుండి చూసే మరొక రాడార్ ఉండడం అంతకంటె నమ్మదగిన మార్గం. కావున ఒంటరి చిన్న రాడార్ పెద్ద రాడార్‌కు ప్రత్యామ్నాయం కాదు. చిన్న రాడార్ల వలయం పెద్ద రాడార్‌కు పూరకం.

అనుమతి లేనిదే ప్రసారం చేయరాదన్న విషయాన్ని కూడా విద్యార్థులు గుర్తుంచుకోవాలి. 865–868 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలలో నిర్దేశించిన శక్తికి లోబడి లైసెన్సు లేకుండా ప్రయోగాలు చేయవచ్చు. వాతావరణ రాడార్ పౌనఃపున్యాలకు కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి అవసరం.

కళాశాలలో చేయదగిన నమూనా

రాడార్ నిర్మాణానికి ముందు అభ్యాసం కొరకు 866 మెగాహెర్ట్జ్ వద్ద నాలుగు ప్యాచ్‌ల గ్రాహక శ్రేణి అనువైనది. ఈ పౌనఃపున్యంలో తరంగదైర్ఘ్యం సుమారు 35 సెంటీమీటర్లు. ఎఫ్‌ఆర్–4పై ప్యాచ్ పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. ప్యాచ్‌ల మధ్య దూరం సుమారు 17 సెంటీమీటర్లు. మొత్తం శ్రేణి ఒక మీటరు లోపలే ఇముడుతుంది. ఒక మిల్లీమీటరు దోషం వలన కలిగే దశా దోషం ఇక్కడ రెండు డిగ్రీలకు మించదు గనుక చేతిపనిలోని చిన్న తేడాలను శ్రేణి సహిస్తుంది. వెనుక ఒక బట్లర్ మాత్రికను, ఒక స్విచ్చిని అమర్చితే నాలుగు దిక్కులలోని నేల తేమ మాపకాల సంకేతాలను వంతులవారీగా స్వీకరించవచ్చు.

నాలుగు యాంటెన్నాల వలన సంకేత బలం నాలుగింతలు పెరుగుతుంది. మాత్రికలోని నష్టాన్ని మినహాయించి, అడ్డులేని ఖాళీ స్థలంలో ఇది దూరాన్ని రెట్టింపు చేయడంతో సమానం. ఏపుగా పెరిగిన మొక్కజొన్నలోనో, చెరకులోనో ఆకులలోని నీరు తరంగాన్ని పీల్చుకుంటుంది గనుక అంత లాభం రాదు. ఏ పైరు ఏ దశలో ఎంత పీల్చుకుంటున్నదో పొలంలో కొలిచి నమోదు చేయడం వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థికి తగిన పరిశోధనాంశం. ఎలక్ట్రానిక్స్ విద్యార్థి ఒక్కడే దీనిని చేయలేడు. సస్యశాస్త్ర విద్యార్థి ఒక్కడే కూడా చేయలేడు.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

పై చర్చలో ప్రతి పొదుపు వెనుక ఒకే సూత్రం పనిచేసింది: అవసరం లేని కోణాన్ని, సూక్ష్మతను, వేగాన్ని వదలుకోవడం. గాదంకిలో 20 డిగ్రీలు చాలుననుకున్నారు కనుక యాంటెన్నాలు సగమైనవి. ఎత్తు కోణాన్ని మోటారుకు అప్పగించారు కనుక ఫేజ్–టిల్ట్ రాడార్‌లో మాడ్యూళ్లు 32వ వంతైనవి. అయితే వ్యవసాయానికి ఏది అవసరమో, ఏది కాదో ఇంజనీరు తనంతట తాను నిర్ణయించలేడు. మందు ఆకుపై నిలవడానికి వాన లేని గంటలు ఎన్ని కావాలి? కల్లంలోని మిరపను టార్పాలినుతో కప్పడానికి రైతుకు ఎంత వ్యవధి చాలు? ఎంత వేగపు గాలికి అరటి తోట ఒరుగుతుంది? హెచ్చరిక ఎన్నిసార్లు తప్పితే రైతు దానిని నమ్మడం మానివేస్తాడు? ఈ ప్రశ్నలకు అంకెలలో సమాధానం ఇవ్వగలవారు పొలంలో రైతుతో పనిచేసే విస్తరణ శాస్త్రవేత్తలే.

అరగంట ముందు హెచ్చరిక చాలునంటే ఒక రకం రాడార్, రెండు గంటలు కావాలంటే మరొక రకం వలయం అవసరమవుతుంది. కిలోమీటరు విభేదనం చాలునంటే పలక చిన్నదవుతుంది. కావున కృషి విజ్ఞాన కేంద్రాలు తమ పరిధిలోని ప్రధాన పంటలకు, పంట దశలకు ఇటువంటి అవసరాల పట్టికను తయారు చేసి, ఇంజనీరింగు విభాగాలకు అందజేయడం తక్షణమే చేపట్టదగిన పని. దానికి యాంటెన్నా అవసరం లేదు, లైసెన్సు అవసరం లేదు. ఆ పట్టిక చేతిలో ఉన్న రూపకర్త ఎన్ని మాడ్యూళ్లు కొనాలో, ఏ పలకపై ముద్రించాలో, ఎక్కడ ఖర్చు పెట్టి ఎక్కడ మిగల్చాలో తేల్చుకోగలడు.